కవిలె కట్ట నుంచి కంప్యూటర్ పట్టా దాకా

ఈ మధ్య పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాట పాడమని ఎవరూ అడగడం లేదు. కుట్లూ అల్లికలూ వచ్చా అనే ప్రశ్న కూడా ఎప్పుడో కాశీకి పోయింది. "అమ్మాయి ఏం చదివిందండీ?" అంటారు వాళ్ళు. "సి.ఎస్.ఇ." అంటారు వీళ్ళు. అంతటితో ఇరుపక్షాలవారూ తృప్తిగా తలలూపి కాఫీ కప్పులు అందుకుంటారు. ఆ మూడక్షరాల లోపల ఏముందో అడిగినవారికీ తెలియదు, చెప్పినవారికీ తెలియదు. తెలిసిన పిల్ల ఒక్కతే అక్కడ తల వంచుకుని కూర్చుని వుంటుంది. ఆమెని మాత్రం ఎవరూ అడగరు!

నేను చరిత్రతో బి.ఏ. చదివినదాన్ని. నా చదువు పూర్తయ్యే రోజుల్లో సందు సందుకీ ఒక కంప్యూటర్ కోచింగు బోర్డు వేలాడుతూ వుండేది. 2000 సంవత్సరం పుట్టగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయనీ, వాటిని సరిదిద్దడానికి మనవాళ్ళు విమానాలెక్కి పోతున్నారనీ ఒకటే హడావిడి. ఆ హడావిడిలో "బి.ఏ." అనగానే ఎదుటివారి మొహంలో "అయ్యో పాపం" అనే భావం స్పష్టంగా కనిపించేది. ఆ జాలి నేను చాలా ఏళ్ళు మోశాను లెండి.

అయితే చరిత్ర చదివినవాళ్ళకి ఒక అలవాటు మిగిలిపోతుంది. ఏ వస్తువు చూసినా 'ఇది మన ఊరికి ఎప్పుడొచ్చింది? ఎవరు తెచ్చారు? ముందు ఎవరింటికి వెళ్ళింది, ఎవరింటికి వెళ్ళలేదు?' అని అడగాలనిపిస్తుంది. కుట్టుమిషనుకీ, రేడియోకీ చరిత్ర వున్నట్టే చదువుకీ చరిత్ర వుంటుంది గదా! అందుకని ఈ కంప్యూటర్ చదువుని కూడా ఆ కన్నుతోనే చూడబోయాను. అదీ హైదరాబాదు నుంచి కాదు, బొల్లాపల్లి నుంచి.

బొల్లాపల్లి ఎక్కడుందో తెలియనివారి కోసం చెబుతాను. పల్నాడులో, జాషువాగారు పుట్టిన వినుకొండ దాటి అడవి వైపు వెడితే వచ్చే ఊరు. మెట్ట పొలాలు, మిరప, పత్తి, కంది. మధ్య మధ్య లంబాడీ తండాలు. 1985లో మండలాలు ఏర్పడ్డప్పుడు ఇదీ ఒక మండల కేంద్రం అయింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా పుట్టేదాకా ఇది గుంటూరు జిల్లాలోనే వుండేది. మావారి తరఫు చుట్టాలున్నారు కాబట్టి నాకక్కడికి రాకపోకలున్నాయి. మావారికి మేనకోడలు వరస అయ్యే పిల్ల ఒకతె ఆ ఊరి నుంచే వెళ్ళి ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. ఆ పిల్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు కంప్యూటరు లేని రోజుల సంగతి.

కంప్యూటరు రాకముందు ఊళ్ళల్లో సమాచారం లేదనుకుంటే పొరపాటు. కావలసినంత వుండేది. ఎవరి పొలం ఎంత, ఎవరు దున్నుతున్నారు, ఏం పంట వేశారు, శిస్తు ఎంత కట్టారు, ఎంత బాకీ — ఇదంతా కరణంగారి కవిలె కట్టల్లో భద్రంగా వుండేది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్నల్ కాలిన్ మెకంజీ అనే ఇంగ్లీషు కొలువు దొర, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరుల సాయంతో మన ఊళ్ళ చరిత్రలు సేకరించాడంటే, అందుకు ఆధారం చాలామట్టుకు ఈ కరణాల దగ్గర వున్న దండకవిలెలే. వాటిని చూసి రాయించినవే ఈనాడు మనం గ్రామ కైఫీయతులు అంటున్నవి. చరిత్ర చదివినవాళ్ళం ఇప్పటికీ వాటినే నమ్ముకుని బతుకుతున్నాం.

'ఇన్ఫర్మాటిక్స్' అనే గంభీరమైన మాట ఒకటి యూనివర్సిటీ పుస్తకాల్లో కనిపిస్తుంది. 1957లో జర్మనీలో కార్ల్ స్టైన్‌బుక్, 1962లో ఫ్రాన్సులో ఫిలిప్ డ్రేఫస్ ఎవరి భాషలో వారు కల్పించిన మాట అది. సమాచారాన్ని సేకరించి, వరసలో పెట్టి, దాచి, కావలసినప్పుడు కావలసినంత మేరకే బయటికి తీసే పనిని యంత్రం చేత చేయించే శాస్త్రమని దాని సారాంశం. యంత్రం మాట పక్కన పెడితే మా కరణంగారు చేసిందేమిటి? సరిగ్గా అదే! తేడా అల్లా ఒక్కటే. ఆ విద్యకి బడి లేదు. కరణంగారబ్బాయి నాన్న పక్కన కూర్చుని నేర్చుకునేవాడు. పాలేరు కొడుక్కి ఆ అరుగు ఎక్కే వీలు లేదు. కరణంగారమ్మాయి పక్క గదిలోనే వున్నా ఆమెకీ నేర్పేవారు కాదు.

రాసేవాడి చేతిలో ఎంత బలం వుంటుందో పల్నాటివారికి ఒకరు చెప్పక్కర్లేదు. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టవలసిన పుల్లరి పన్ను మీద తిరగబడే కదా కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకీ గుళ్ళకు నేలకొరిగాడు! పశువు మేతకు పోవడం ప్రకృతి. ఆ పశువుని లెక్కపెట్టి కాగితం మీద ఎక్కించడం ప్రభుత్వం. తన గొడ్లు ఎన్నో రైతుకీ తెలుసు. అయినా చెల్లుబాటయ్యేది మాత్రం కాగితం మీది లెక్క.

1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలను అప్పటి ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. తరతరాలుగా ఒక్కో ఇంటిని అంటిపెట్టుకుని వున్న ఆ లెక్కల పెత్తనం అంతటితో పోయింది. కవిలె కట్టలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ముందు బీరువాల్లోకి వెళ్ళాయి, అక్కణ్ణుంచి మెల్లగా యంత్రాల్లోకి వెళ్ళాయి. 1998లో 'కార్డ్' అనే పథకం కింద రాష్ట్రంలో రెండు వందలకు పైగా రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. 2015లో 'మీభూమి' వచ్చింది. అడంగలు చూసుకోవడానికి ఎవరి అరుగూ ఎక్కక్కర్లేదు, చేతిలో ఫోను వుంటే చాలు. బాగానే వుంది. కానీ ఆ యంత్రం లోపల ఏముందో తెలిసే చదువు ఎవరికి అందింది? అది తెలియాలంటే ఇంకా చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. పల్నాడు అంతా పండగ చేసుకుంది. సరిగ్గా ఆ సంవత్సరమే కలకత్తాలో భారత గణాంక సంస్థకి ఇంగ్లండు నుంచి 'హెచ్.ఇ.సి. 2ఎమ్' అనే యంత్రం దిగింది. మన దేశానికి వచ్చిన మొట్టమొదటి కంప్యూటరు అదే. మహలనోబిస్‌గారు లెక్కల కోసం తెప్పించారు. దాన్ని గురించి పల్నాట్లో ఎవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. తర్వాత 1960లో బొంబాయి టాటా సంస్థలో నరసింహన్‌గారి ఆధ్వర్యంలో మనవాళ్ళే సొంతంగా ఒక యంత్రం తయారుచేశారు. దానికి నెహ్రూగారు 'టిఫ్రాక్' అని పేరు పెట్టారు. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎమ్. వారి 1620 యంత్రం వచ్చింది. యూనివర్సిటీ కుర్రవాళ్ళు యంత్రాన్ని తామే తాకి నేర్చుకునే రోజులు మన దేశంలో అక్కడ మొదలయ్యాయి. పాఠం చెప్పిన రాజారామన్‌గారు ఊరుకోక, పిల్లలు కొనుక్కోగలిగేంత చవగ్గా పుస్తకాలు కూడా రాశారు. 2025లో ఆయన పోయేనాటికి ఆ పుస్తకాలు చదవకుండా కంప్యూటరు నేర్చుకున్న పాతతరంవాళ్ళు అరుదు.

సాగర్ నీళ్ళు కాలువల్లోకి వదిలింది 1967 ఆగస్టులో, ఇందిరాగాంధీ చేతుల మీదుగా. మళ్ళీ అదే సంవత్సరం, ఏప్రిల్‌లో, హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావుగారు మనవారే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టి, కాశీలో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్ళి వచ్చినవారు. 1969లో వెలుగు చూసిన టి.డి.సి. 12 అనే కంప్యూటరు ఆ సంస్థ తయారుచేసిందే. హైదరాబాదులో ఎ.ఎస్. రావునగర్ బస్సెక్కే వేలాదిమందిలో ఆ రావు ఎవరో ఎందరికి తెలుసో మరి!

చూడండి, నీళ్ళూ కంప్యూటరూ రెండూ ఒకే ఏడు బయల్దేరి, ఒకే ఏడు తెలుగునేలకి చేరాయి. కాకతాళీయమే అయినా నాకెందుకో ఆ రెంటికీ చుట్టరికం వుందనిపిస్తుంది. ఎంచేతంటారా? సాగర్ కుడి కాలువ పల్నాట్లోనే పారుతుంది. కానీ బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు ఎత్తు నేలలకి ఆ నీళ్ళు ఎక్కవు. నీటికి పల్లం తెలుసు గాని పేదవాడు తెలియదు. ఆ మెట్టకు కృష్ణ నీళ్ళివ్వాలని తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతలకి 2023 నవంబరులో గాని శంకుస్థాపన జరగలేదు. నీళ్ళు పైకి ఎక్కాలంటే ఎవరో ఒకరు ఎత్తిపోయాలి. చదువూ అంతే.

మొదట్లో ఈ చదువు పెద్ద పెద్ద సంస్థల పల్లంలోనే నిలిచిపోయింది. అసలు కంప్యూటర్ అని వేరే డిగ్రీయే లేదు. విద్యుత్తు చదివినవాళ్ళూ, గణితం చదివినవాళ్ళూ, ఆఖరికి కట్టడాలు చదివినవాళ్ళూ అటువైపు జరిగినవాళ్ళే. అందుకు గొప్ప ఉదాహరణ మన రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో రైతు కుటుంబంలో పుట్టారు. తొలి అక్షరాలు ఇసుకలో దిద్దానని ఆయనే చెప్పుకున్నారు. మద్రాసు గిండీ కాలేజీలో 1958లో పుచ్చుకున్న డిగ్రీ సివిల్ ఇంజనీరింగు. కంప్యూటరుని ఆయన ఎరిగింది ఆస్ట్రేలియా వెళ్ళాక. అక్కణ్ణుంచి స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేటు పుచ్చుకున్నారు. యంత్రం చేత మనిషి మాట వినిపించే పనిలో పేరు తెచ్చుకున్నారు. 1994లో ట్యూరింగ్ బహుమానం వచ్చింది. కంప్యూటరు వారికి నోబెల్ లాంటిది అదే.

ఆ గిండీ కాలేజీ అనగానే నాకు మరొకరు గుర్తొస్తారు. అయ్యలసోమయాజుల లలితగారు. 1919లో మద్రాసులో తెలుగు ఇంట పుట్టి, పద్ధెనిమిదేళ్ళకే వైధవ్యం వచ్చి, ఒళ్ళో నెలల పసిపిల్లతో మిగిలారు. ఆనాటి ఇళ్ళల్లో అటువంటి పిల్లకి ఏం మిగిలేదో మీకు తెలుసు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు అదే కాలేజీలో ప్రొఫెసరు. కూతురు చదువుకుంటానంటే అడ్డు చెప్పలేదు. 1943లో ఆమె విద్యుత్ ఇంజనీరు అయి బయటికి వచ్చారు. సర్టిఫికెట్టులో 'అతడు' అని ముందే అచ్చయి వుండడంతో, దాన్ని కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాసి ఇచ్చారట. ఆ కొట్టివేతని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఫారం తయారుచేసినవాడు ఆడది వస్తుందని అనుకోలేదు, ఆవిడ వచ్చింది, ఫారమే మారింది!

అంతదూరం ఎందుకు, అమెరికాలో 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు ఆడపిల్లలు. యంత్రం ఫొటోలు పేపర్లలో పడ్డాయి. వాళ్ళ పేర్లు లోకానికి తెలియడానికి మాత్రం కొన్ని దశాబ్దాలు పట్టింది. రాసినవారు రాయగా పేరు మరొకరికి పోవడం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదనుకోండి.

మన దేశపు ఐ.ఐ.టి.లలో కంప్యూటర్ సైన్సుకే విడిగా బి.టెక్. డిగ్రీ మొదలైంది 1978లో, కాన్పూరులో. ఆ రోజుల్లో ప్రోగ్రాము రాయడమంటే టైపు మిషను లాంటి దానితో అట్టముక్కలకి కన్నాలు పొడవడం. ఒక్కో అట్టకి 80 గళ్ళు, ఒక్కో అట్ట మీద ఒక్కో వాక్యం. రెండు వందల వాక్యాలుంటే రెండు వందల అట్టలు. వాటిని కట్టగట్టి కిటికీలో ఇచ్చి వస్తే, యంత్రానికి తీరిక చిక్కినప్పుడు చదివి, మర్నాటికో ఆ తర్వాతకో ఫలితం అచ్చువేసి ఇచ్చేది. ఒక్క కామా తప్పిపోతే "తప్పు" అని ఒక్క ముక్క వచ్చేది. మళ్ళీ అట్ట, మళ్ళీ కిటికీ, మళ్ళీ ఎదురుచూపు. కట్ట చేతిలోంచి జారిందా, వరస అంతా పోయి ఏడవడమే! అంచేత ఆ తరంవాళ్ళు యంత్రానికి ఇచ్చే ముందు కాగితం మీద పదిసార్లు ఆలోచించేవారు. యంత్రం అరుదు కావడం వల్ల బుర్రకు పదును పెట్టక తప్పేది కాదన్నమాట.

మన కోస్తాలో సొంత ఖర్చుతో నడిచే ఇంజనీరింగు కాలేజీలు అప్పుడే తలెత్తుతున్నాయి. 1977లో విజయవాడలో సిద్ధార్థ, 1981లో బాపట్ల, 1985లో గుంటూరు దగ్గర ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. వచ్చాయి. మిరప పండించే రైతు కొడుకు ఇంజనీరు కావడం, అందుకు ఎకరమో రెండెకరాలో అమ్మడం అనే కథ మన జిల్లాల్లో అప్పుడు మొదలైంది. నవలలు రాసేవాళ్ళం ఆ ఎకరం మీద ఎన్ని నవలలు రాశామో! కూతురి కోసం ఆ ఎకరం కదిలేది మాత్రం పెళ్ళికే.

1998 ఒక మలుపు. హైదరాబాదులో ట్రిపుల్ ఐ.టి. పెట్టిందీ, హైటెక్ సిటీ సైబర్ టవర్స్‌ని వాజపేయిగారు ప్రారంభించిందీ ఆ సంవత్సరమే. పిల్లల కళ్ళన్నీ అటు తిరిగాయి. పదేళ్ళకి, 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్సుమెంటు వచ్చింది. ఎకరం అమ్మకుండానే చదవవచ్చునని తెలిసేసరికి కాలేజీలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు 700 దాటాయి. కొన్నిచోట్ల గోడలు ముందు లేచి గురువులు తర్వాత వచ్చారు. కొన్నిచోట్ల గోడలే మిగిలాయి. యంత్రం అరుదుగా వున్న కాలం పోయి, యంత్రాలుండి చెప్పేవాళ్ళు అరుదైన కాలం వచ్చింది. పాత పిల్లలు కార్డుల కట్ట మోశారు, కొత్త పిల్లలు సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాశారు.

అయినా ఎత్తిపోతల అని చెప్పదగ్గది ఒకటి ఆ సంవత్సరమే జరిగింది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పేరిట నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ట్రిపుల్ ఐ.టి.లు పెట్టారు. పల్లెటూళ్ళ పిల్లల కోసం, పదో తరగతి మార్కుల మీదే సీట్లు, ఆరేళ్ళ చదువు. కోచింగు సెంటరు ప్రసక్తి లేదు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లకి గ్రేడు పాయింట్లకు 0.4 అదనంగా కలిపారు. ఆ 0.4 వుంది చూశారూ, అదే మోటారు! పల్లంలో నీళ్ళని మెట్టకు ఎక్కించేది అదే. చేరిన పిల్లల చేతికి లాప్‌టాప్‌లు ఇచ్చారు. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి చాన్సలరు ఎవరనుకున్నారు? ఇసుకలో అక్షరాలు దిద్దిన రాజ్ రెడ్డిగారు. తర్వాత 2016లో నరసరావుపేటలోనే కాకినాడ జె.ఎన్.టి.యు. వారి ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. బొల్లాపల్లి పిల్లకి ఆ చదువు బస్సు దూరంలోకి వచ్చినట్టే.

ఇంతకీ ఆ చదువు లోపల ఏముంటుంది? మా మేనకోడల్నే అడిగాను. "నీకు చెప్పినా అర్థం కాదులే అత్తా" అంది ముందు. బి.ఏ. వాళ్ళమంటే ఇప్పటి పిల్లలకీ అదే జాలి! పట్టు వదలకుండా అడిగితే పుస్తకం తెచ్చి పక్కన కూర్చుంది.

ఒకచోట గళ్ళు గీసిన పట్టిక వుంది. అడ్డం వరసలు, నిలువు గళ్ళు. సమాచారాన్ని ఇలా పట్టికలుగా పెట్టుకుంటే ఏ ప్రశ్నకైనా జవాబు తీయవచ్చునని 1970లో ఎడ్గార్ కాడ్ అనే ఆయన రాశాడట. ఆ పద్ధతి మీదే ఈనాటి బాంకులూ, రైల్వే టిక్కెట్లూ చాలావరకు నడుస్తున్నాయట. నేను ఆ పట్టికకేసి చూశాను. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట — అడంగల్! "ఇది మన అడంగలే కదే" అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "అవునత్తా, నిజమే!" అంది.

మరో పాఠం 'స్టాక్'. ఒక పని పూర్తి కావాలంటే ఇంకో పని కావాలి, దానికి ఇంకోటి కావాలి. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆపుకుని, అన్నిటికన్నా పైన వున్నదాన్ని ముందు తేల్చి, మళ్ళీ వెనక్కి ఒక్కొక్కటే దిగుతూ రావాలి. ఇది వింటుంటే నాకు నవ్వొచ్చింది. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒక చేప ఎండలేదు. గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిని ఆవు మేయలేదు. ఆవుని పాలేరు విప్పలేదు. వాడికి అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వకి పిల్లాడి ఏడుపు. పిల్లాణ్ణి చీమ కుట్టింది. ప్రతివాడి జవాబూ పక్కవాడి జవాబు కోసం ఆగి వుంది. కట్టకడపటికి చీమ జవాబు చెప్పాక గాని చేప సంగతి తేలదు! తప్పు చేపలో కనిపించినా మూలం చీమ పుట్టలో వుందన్నమాట. మన తెలుగు తల్లులు గోరుముద్దలతో పాటు తినిపించిన కథలో ఈ విద్య వుంది. ఇది చెబితే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వి, "మా సార్ ఇట్టా చెప్పి వుంటే ఒక్కరోజులో వచ్చేది" అంది.

ఇంగ్లీషు పుస్తకంలో వుంది కాబట్టి మనది కాదనుకుని, భయపడి బట్టీపట్టే పిల్లలు ఎంతమందో! లెక్కా, వరసా, ఎందుకనే ప్రశ్నా ఏ జాతి సొత్తూ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ పిల్ల నాయనమ్మ పేరన రెండెకరాల మెట్ట చేను వుంది. ఆవిడ నిశాని మనిషే గాని లెక్క తప్పదు. మిరపకాయలు ఎన్ని టిక్కీలయ్యాయో, ఏ టిక్కీకి ఎంత తరుగు తీశారో నాలుగేళ్ళ కిందటిది కూడా నోటికి చెబుతుంది. ఆవిడ ఇంటిపేరులో ఒక అక్షరం పొలం రికార్డులో ఒకరకంగానూ, ఆధార్ కార్డులో ఇంకోరకంగానూ పడింది. అంతే, రైతుకి రావలసిన డబ్బు ఆగిపోయింది. ఒక ఆఫీసుకి వెడితే ఇంకో ఆఫీసుకి వెళ్ళమన్నారు. అక్కడ కూర్చున్న కుర్రవాడు తెర చూసి, "సిస్టంలో అట్టాగే వుంది, మేమేం చెయ్యలేం" అన్నాడట. నాయనమ్మ ఇంటికొచ్చి, "సిస్టం ఒప్పుకోలేదంటమ్మా" అని నీరసంగా అరుగు మీద కూలబడింది. ఆవిడ దృష్టిలో సిస్టం అంటే పైన వుండే పెద్ద దొర ఎవరో!

మర్నాడు మనవరాలు కూడా బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. మళ్ళీ అదే మాట. అప్పుడా పిల్ల గొంతు పెంచకుండా, "సిస్టంలో అదంతట అది వుండదు సార్, ఎవరో ఒకరు టైపు చేస్తేనే వుంటది. మార్చేదానికి మీకొక స్క్రీన్ వుంటది గదా, ఆ అర్జీ నంబరు ఇవ్వండి" అంది. కుర్రవాడు ఆమెకేసి ఒకసారి చూశాడు. కసురుకోలేదు. అర్జీ తీసుకుని నంబరు రాసి ఇచ్చాడు. పని ఆ రోజే అయిపోయిందని చెప్పను. ఇంకో మూడుసార్లు తిరగవలసి వచ్చింది. కానీ దారిలో నాయనమ్మ, "ఏందే తల్లీ, సిస్టం అంటే మడిసేనా?" అని అడిగింది. "మడుసులు పెట్టిందే నాయనమ్మా. మడుసులు పెట్టింది మడుసులే మారుస్తారు" అంది ఆ పిల్ల.

నాలుగేళ్ళ డిగ్రీలో ఆ పిల్ల ఏం నేర్చుకుందో నాకు ఆ బస్టాండులో బోధపడింది. ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. ఈ రోజుల్లో అడిగితే ప్రోగ్రాము కూడా యంత్రమే రాసి ఇస్తోంది, ఇక ఈ చదువులెందుకని అనేవారూ వున్నారు. యంత్రం రాసిందైనా అది సరైనదో కాదో చూడాలి. తప్పయితే ఏ చీమ కుట్టిందో వెతికి పట్టుకోవాలి. అందుకు లోపలి సంగతి తెలిసినవాళ్ళు కావాలి. వాళ్ళు పట్నాల్లోనే వుంటే బొల్లాపల్లి మళ్ళీ కరణంగారి అరుగు కింద నిలబడవలసిందే. అరుగు మాత్రం ఈసారి కంటికి కనపడదు.

కరణం విద్యకు వెయ్యేళ్ళలో ఏ లంబాడీ పిల్లా, ఏ పాలేరు కూతురూ వారసురాలు కాలేదు. ఈ నలభై, యాభై ఏళ్ళలో ఆ విద్య పుట్టుక నుంచి మార్కుల దాకా వచ్చింది. అది చిన్న ప్రయాణం కాదు. మార్కుల నుంచి తెలివిడి దాకా ఇంకో ప్రయాణం మిగిలి వుంది. అందుకు చక్కగా చెప్పే గురువులు కావాలి, మాతృభాషలో నాలుగు పుస్తకాలు కావాలి, 0.4 లాంటి మోటార్లు ఇంకొన్ని కావాలి.

అంతవరకూ మనం చెయ్యగలిగినదొకటి వుంది. ఈసారి పెళ్ళిచూపుల్లో "సి.ఎస్.ఇ." అని వినిపించగానే తలూపి ఊరుకోకండి. కాఫీ కప్పు కింద పెట్టి, తల వంచుకు కూర్చున్న ఆ పిల్లనే అడగండి: "అమ్మాయ్, ఆ చదువులో ఏముంటుందో కాస్త మాకూ చెప్పు తల్లీ" అని. ఆమె తలెత్తి చెప్పడం మొదలుపెడితే, పాట పాడమనడం కన్నా అదెంత బావుంటుందో మీకే తెలుస్తుంది.